కడప రాయి - మన వంటింటి చరిత్ర

మన ఉగాదియు, మరాఠీ సోదరుల గుడీ పాడ్వాయు ఒకే దినమున వచ్చును. ఈ రెండు పండుగల వంట జరుగు గట్టును మరాఠీవారు ‘ఓటా’ అందురు. అది ఏ రాయి అని అడిగినచో, పలు ఇండ్లలో ‘కడప్పా’ అని జవాబు వచ్చును. మన కడప పేరే ఇచ్చట రాతికి పేరైనది!

మన గోకుంద ఉన్న కిన్వట్ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆ ఏడు నవంబరు 1న నాందేడ్ జిల్లాలో చేరి బొంబాయి రాష్ట్రమునకు, 1960 మే 1న మహారాష్ట్రకు వచ్చినది. ఎల్లలు మారినను రాకపోకలు ఆగలేదు.

నల్లరాతికి నునుపు పెట్టుట తెలుగునాట పాతవిద్య. 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడి, 1213లో రామప్ప గుడి వెలసినవి. రామప్ప మదనికల నిగనిగలు నేటికిని చూడవచ్చును. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది. అయితే అది అగ్నిశిల. కడప రాయి సున్నపురాయి. సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొన్నది. వర్తకులు దీనిని నల్ల పాలరాయి అన్నను నిజమునకు పాలరాయి కాదు. కడప, కర్నూలు సీమల ఈ శిలలను గూర్చి విలియం కింగ్ 1872లోనే పెద్ద గ్రంథము వ్రాసెను.

పొరలున్నందున గునపముతో, ఉలితో పలకలుగా విడదీయవచ్చును. అంచులు సరిచేసి, నీరు పోయుచు మొదట గరుకు రాతితో, పిదప సన్నని దానితో రుద్దినచో నలుపు తేలును. ఈ పలకలే గట్లు, గోడ అరలు, అరుగుబల్లలు, భోజనపు బల్లలగును. రాయి బరువును మోయును గాని వంపును ఓర్వదు. కనుక పొడవు పలకకు నడుమ ఆధారము తప్పదు.

గుడి కట్టించినవారి పేర్లు శాసనములలో ఉన్నవి. గనిలో దుమ్ము మింగి పలక తీసిన కూలివాని పేరు ఎచ్చటను లేదు. ఊరి పేరొక్కటే మిగిలినది. ఆ పేరు మన పిల్లలకు తెలియవలెను.

ఇల్లాండ్రకు ఒక మాట: పులుపు సున్నపురాతిని తినివేయును. ఉగాది పచ్చడి చేయునపుడు చింతపండు రసము గట్టుపై ఒలికినచో వెంటనే తుడిచివేయుడు!