తలుపు తెరుచుకునే బొమ్మ కారు

బొమ్మ బండికి చక్రం తిరిగితే చాలనుకున్న కాలం చాలా పెద్దది. హరప్పా తవ్వకాల్లో దొరికిన మట్టి బండ్లలో కదిలేవి చక్రాలే. తినేసిన ముంజెకాయల డొప్పలకు పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ ఊరంతా తిరిగే మన పిల్లల బండీ అంతే. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణ పట్టి, లక్క పూసి చేసే బండ్లకూ అంతకు మించి హంగు లేదు. చక్రం కాక ఇంకేదైనా కదలాలన్న ఆశ మోటారు కారు వచ్చాక బలపడింది. అసలు కారులోనే స్టీరింగు, స్ప్రింగులు, గేర్లు, తలుపులు, బానెట్ అంటూ కదిలేవి బోలెడు కదా. బొమ్మ కార్ల చరిత్రను కంపెనీల పేర్లతో చెప్పడం అలవాటు. ఈ కదిలే భాగాల వెంట నడిస్తే మాత్రం కథ మరోలా కనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలోని న్యూరెంబర్గ్ నుంచి ప్రపంచమంతా పోయిన రేకు కార్లు కీ ఇస్తే పరుగెత్తేవి. లోపల ఉన్నది ఒక చుట్ట స్ప్రింగు, నాలుగు పళ్ల చక్రాలు. చాలావాటిలో తలుపులు, సీట్లు రేకు మీద అచ్చువేసిన బొమ్మలే. అసలు యంత్రాన్ని పిల్లల చేతికిచ్చినవాడు లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ. తన కొడుకుల కోసం ఇంట్లో రేకు పట్టీలు కత్తిరించి, కన్నాలు వేసి, నట్లూ బోల్టులతో బిగించే ఆట తయారుచేసి 1901లో పేటెంటు తీసుకున్నాడు. అదే తర్వాత మెకానో అయింది. మెకానో ముక్కలతో బిగించే మోటారు ఛాసిస్‌లో గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, స్టీరింగు అన్నీ పనిచేస్తాయి. పైన బాడీ ఉండదు, అందమూ తక్కువే. కానీ కారు మలుపు తిరిగేటప్పుడు రెండు వెనక చక్రాలూ వేరువేరు వేగాలతో ఎందుకు తిరగాలో దాన్ని బిగించిన పిల్లవాడికి ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఇదే పని పోటీగా మారింది. జనరల్ మోటార్స్‌కు కారు బాడీలు కట్టే ఫిషర్ బాడీ సంస్థ 1930లో కుర్రాళ్ల కోసం ఒక గిల్డు (సంఘం) పెట్టింది. సంస్థ చిహ్నంలో ఉన్న నెపోలియన్ కాలపు గుర్రబ్బగ్గీని పదకొండు అంగుళాల పొడవున, నక్షా చూసి, చేత్తో కట్టాలి. కొన్న భాగం ఒక్కటీ ఉండకూడదు. చక్రాల ఆకులు, స్ప్రింగులు, తలుపులు, లోపలి గుడ్డ పని అన్నీ ఆ కుర్రాడివే. గెలిచినవారికి కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్. తర్వాత సొంతంగా గీసిన కారు నమూనాల పోటీ కూడా మొదలై, 1968 దాకా నడిచింది. 1947లో గెలిచిన చక్ జోర్డన్ తర్వాతి కాలంలో జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికి అధిపతి అయ్యాడు. ఆకురాయి పట్టిన చేయి ఎంత దూరం వెళ్తుందో ఆ కంపెనీ ముందే లెక్క వేసుకుందన్నమాట, దానధర్మం అనుకోనక్కర్లేదు.

ఫ్యాక్టరీలది వేరే లెక్క. 1933 చివర్లో మెకానో సంస్థే చిన్న పోత కార్లు తెచ్చి, మరుసటి ఏడు వాటికి డింకీ టాయ్స్ అని పేరు పెట్టింది. జింకు మిశ్రమాన్ని కరిగించి అచ్చులో పోస్తే బాడీ మొత్తం ఒకే ముక్క. కదిలేది మళ్లీ చక్రమే. మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిసినవి ఏళ్లు గడిచాక పగుళ్లిచ్చి పొడై పోవడం ఇప్పటికీ సేకరించేవారికి గుండెకోత. యుద్ధం తర్వాత లండన్‌లో, మూతపడ్డ ఒక పబ్బులో మొదలైన లెస్నీ కంపెనీ కథ మాత్రం చేతిపనితోనే తిరిగింది. ఇంజనీరు జాక్ ఓడెల్ కూతురి స్కూల్లో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మనే తేనిచ్చేవారు. ఆయన ఇత్తడితో బుల్లి రోడ్డు రోలరు చేసి, అగ్గిపెట్టెలో పెట్టి పంపాడు. మిగతా పిల్లలంతా తమకూ కావాలన్నారు. అలా మ్యాచ్‌బాక్స్ కార్లు 1953లో అంగట్లోకి వచ్చాయి.

1956లో కోర్గీ బొమ్మ కార్లు వచ్చాక పోటీ కదిలే భాగాల మీదికి మళ్లింది. మొదట కిటికీలకు పారదర్శక ప్లాస్టిక్, 1959లో స్ప్రింగు సస్పెన్షన్, 1960లో ఆస్టన్ మార్టిన్ డీబీ4కు తెరుచుకునే బానెట్. 1965 నాటి జేమ్స్ బాండ్ కారు వీటన్నిటికీ శిఖరం. సైలెన్సర్ గొట్టాలు నొక్కితే వెనక తూటాలు ఆపే పలక లేస్తుంది. ముందు నుంచి మరతుపాకులూ బయటికొస్తాయి. పక్కనున్న మీట నొక్కితే పైకప్పు తెరుచుకుని సీట్లోని దుండగుడు గాల్లోకి ఎగురుతాడు. సినిమాలో కారు వెండి రంగుది. బొమ్మకు అదే వేస్తే రంగు వేయని పోతలా కనిపిస్తుందని బంగారు రంగు వేశారు. బొమ్మ కారు చరిత్రలో ఇంత తెలివి ఇంత చిన్న చోట ఇమిడింది మరొకటి లేదని నా అభిప్రాయం.

మూడేళ్లకే గాలి మారింది. 1968లో అమెరికా బొమ్మల కంపెనీ మ్యాటెల్ పదహారు హాట్ వీల్స్ కార్లు వదిలింది. సన్నటి ఉక్కు తీగ ఇరుసులు, రాపిడి తక్కువ ప్లాస్టిక్ బేరింగులు. తలుపు తెరవడం కాదు, వాలులో ఎంత దూరం దూసుకెళ్తుందన్నదే ముఖ్యమైంది. ప్రతి కీలుకూ ఒక అచ్చు, ఒక కూలీ, ఒక ఖర్చు ఉంటాయి గనుక మిగతావారికీ ఈ దారే మేలనిపించింది. అయినా బ్రిటిష్ కంపెనీలు తట్టుకోలేదు: 1979లో డింకీ ఫ్యాక్టరీ మూతపడింది, 1982లో లెస్నీ దివాలా తీసింది, మరుసటి ఏడు కోర్గీ యజమాని మెట్టాయ్ వంతు. డింకీ పాత అచ్చులు కొన్ని అప్పటికే కలకత్తా చేరి నిక్కీ టాయ్స్‌గా మన పిల్లల చేతుల్లో పడ్డాయి.

ఫ్యాక్టరీ వదిలేసిన కదలిక అభిరుచి గలవారి బల్ల మీదికి చేరింది. ఇటలీలోని పోచర్ కంపెనీ చేసిన రోల్స్‌రాయిస్ కిట్‌లో రెండు వేలకు పైగా ముక్కలుండేవి. చక్రాల ఆకులు ఒక్కొక్కటీ కొన్నవాళ్లే గుచ్చుకోవాల్సి వచ్చేది. ఇంగ్లండ్‌లో జెరాల్డ్ వింగ్రోవ్ కిట్ కూడా లేకుండా, ఇత్తడి తీగలు, రేకులతో కార్లు కట్టి, ఆ పద్ధతులన్నీ పుస్తకంగా రాశాడు. ఫ్రాన్స్‌లో పియెర్ షెర్రీ పదిహేనేళ్లు కూర్చుని ఫెరారీ 312 పీబీని మూడో వంతు కొలతలో చేశాడు. అందులోని పన్నెండు సిలిండర్ల ఇంజను నిజంగా నడుస్తుంది.

ఈ పనిలో అసలు చిక్కు లెక్కలోనే ఉంది. 1,200 కిలోల కారును 24వ వంతుకు తగ్గిస్తే పొడవు 24 రెట్లే తగ్గుతుంది, బరువు మాత్రం 13,824 రెట్లు. అంటే మిగిలేది 87 గ్రాములు, ఒక్కో చక్రం మీద 22 గ్రాములు. దానికి కుంగాలంటే స్ప్రింగు వెంట్రుకంత సన్నగా ఉండాలి. అలాగే మిల్లీమీటరు మందం లేని కారు రేకును అదే నిష్పత్తిలో తగ్గిస్తే కాగితం కన్నా పలచనవుతుంది, అందులో కీలు దిగదు. అందుకే వంచిన తీగను సన్నటి ఇత్తడి గొట్టంలో దూర్చి, టంకం పెట్టి, తలుపును ముందు కాస్త బయటికి తెచ్చి ఆపైన పక్కకు తిప్పుతారు. కొలతను కాదు, కదలికను నమ్మించాలి.

ఇప్పుడు యూట్యూబులో తెలుగు కుర్రాళ్లు ఫోమ్ షీటుతో ఆర్టీసీ బస్సులు కడుతున్నారు. లైట్లు వెలుగుతాయి, స్టీరింగుతో పాటు ముందు చక్రాలు తిరుగుతాయి, కొన్నింటికి తలుపులూ తెరుచుకుంటాయి. కొందరు సస్పెన్షన్‌కు వాడేది పాత బాల్ పెన్నులోని స్ప్రింగే.