కుట్టుపని ఆవిడ చెప్పిన మాట

1895లో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ ఊళ్లో బట్టలు కుట్టి బతికే ఒకావిడ ఉండేది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే డాక్టరుతో మాటల సందర్భంలో, మా వాళ్లలో చాలామంది పేగుల్లోనో, కడుపులోనో, గర్భాశయంలోనో కేన్సరు పుట్టి పోయారు, నేనూ అలాగే పోతాను అన్నదట.

అదంతా నీ భయం తల్లీ అని పంపించేసే డాక్టర్లు ఇప్పుడు మాత్రం లేరూ? వార్తిన్ ఆవిడ బంధువుల వివరాలన్నీ సేకరించి వంశవృక్షం రాసుకున్నాడు. 1913లో దాన్ని ‘జి’ కుటుంబం అన్న పేరుతో అచ్చు వేయించాడు. అలాగని ఆయన్ను దేవుణ్ణి చేయనక్కర్లేదు. మంచి వంశాలే వృద్ధి కావాలనే వాదాన్ని ఆయనా సమర్థించినవాడే. ఆవిడ, అనుకున్నట్టే, గర్భాశయ కేన్సరుతో కన్నుమూసింది.

కేన్సరు వంశంలో వస్తుందంటే చాలాకాలం పెద్దలు నమ్మలేదు. 1966లో ఒమాహాకు చెందిన హెన్రీ లించ్ ఇలాంటివే మరి రెండు కుటుంబాల సంగతి రాశాక, మిషిగన్‌లో దాచి ఉంచిన ‘జి’ కుటుంబం కాగితాలు ఆయన చేతికి వచ్చాయి. 1971లో ఆయన ఆ కథను 1970 దాకా పొడిగించాడు. ఈ జబ్బును ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటున్నారు. ఆ కుట్టుపని ఆవిడ పేరు పెడితే ఏం పోయిందో!

అసలు కారణం తెలిసింది 1993లో. మన శరీరంలో ఒక కణం రెండుగా చీలేటప్పుడు అందులోని డి.ఎన్.ఎ. అంతటికీ నకలు తీయాలి. నకలులో అచ్చుతప్పులు దొర్లితే దిద్దే జన్యువులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి ఎమ్.ఎస్.హెచ్.2. అది చెడితే తప్పులు పేరుకుపోయి కేన్సరుకు దారితీస్తాయి. ‘జి’ కుటుంబంలో చెడినది అదేనని 2000లో తేలింది. తేడా ఎంతనుకున్నారు? ఒకే ఒక్క అక్షరం!

ఆ జన్యువు తల్లి దగ్గరున్నా, తండ్రి దగ్గరున్నా ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగమే. పాపం, ఆవిడకు ఇది తెలిసే దారి లేదు. ఇప్పుడు రక్తపరీక్షలో ఆ తప్పు లేదని తేలిన బిడ్డ అందరిలాగే ఉండవచ్చు. ఉన్నవాళ్లు ఇరవై, ఇరవై అయిదేళ్ల నుంచే ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేయించుకుంటారు. పేగులో చిన్న బుడిపె కనిపిస్తే కేన్సరుగా మారకముందే తీసేస్తారు. ఇంత జాగ్రత్త పడ్డా జబ్బు వస్తే? ఈ దిద్దుబాటు పోయిన గడ్డలు ఏ అవయవంలో ఉన్నా సరే, ముదిరిపోయి మామూలు మందులకు లొంగనప్పుడు, శరీరంలోని రోగనిరోధక శక్తిని వాటి మీదికి ఉసిగొల్పే పెంబ్రోలిజుమాబ్ అనే మందును వాడవచ్చని 2017లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.