మాటల వెనుక చరిత్ర – 6: ‘పరయా’ ఎవరి పేరు?



ఇంగ్లీషు పేపర్లు చదివే విద్యార్థులకు ‘పరయా స్టేట్’ అన్న మాట తెలిసే ఉంటుంది. ఏదైనా దేశం ఘోరాలు చేస్తే, మిగతా దేశాలు దాన్ని దూరం పెడితే, ఆ దేశానికి తగిలించే పేరది. 1970లు, 80లలో దక్షిణాఫ్రికా జాతివివక్ష ప్రభుత్వాన్ని విదేశీ పత్రికలు అలాగే పిలిచాయి.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. రంగు చూసి మనుషుల్ని వెలివేసిన ప్రభుత్వాన్ని తిట్టడానికి, కులం చూసి వెలివేయబడ్డ మనుషుల పేరు వాడారు!

తెలుగు ‘పరాయి’కీ ఈ మాటకూ సంబంధం లేదు. తమిళంలో ‘పరై’ అంటే మన డప్పు లాంటి వాద్యం. దాని నుంచే పరయర్ అనే కులం పేరు వచ్చిందని చెబుతారు. మా కోటకు దగ్గర్లోనే, వాకాడు మండలం దుగరాజపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1626లోనే వర్తక స్థావరం పెట్టింది. మద్రాసు కోట కట్టింది ఆ తర్వాతే. ఆ 17వ శతాబ్దంలోనే ఈ కోరమండల్ తీరం నుంచి సరుకుతో పాటు ఈ మాట కూడా ఓడెక్కింది. అక్కడికి పోయాక దానికి ‘అందరూ అసహ్యించుకునేవాడు’ అన్న అర్థం స్థిరపడింది. ఊరకుక్క ‘పరయా డాగ్’ అయింది. గద్ద ‘పరయా కైట్’ అయింది.

1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమన్‌హీర్ పరయర్ల భూమిలేనితనం మీద, కట్టుబానిసత్వం మీద ప్రభుత్వానికి నివేదిక రాశాడు. ఆ దశాబ్దంలో మద్రాసు పత్రికలు ఈ చర్చకు పెట్టిన పేరు ‘పరయా ప్రాబ్లమ్’. పేరులోనే తీర్పు ఉంది చూడండి. భూమినంతా పట్టుకు కూర్చున్న మిరాసీదారు సమస్య కాలేదు, సెంటు భూమి లేనివాడు సమస్య అయ్యాడు. ఈ ముద్ర తెలుగు నేల మీదా పడింది. 1909లో వచ్చిన థర్‌స్టన్ గ్రంథంలో మాలల్ని తెలుగు దేశపు పరయాలుగా పరిచయం చేశారు.

మన పెద్దలు ఊరుకోలేదు. తర్వాత అంబేద్కర్‌తో కలిసి రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్లిన రెట్టమలై శ్రీనివాసన్, 1893లో ‘పరయన్’ అనే పేరుతోనే పత్రిక పెట్టారు. ఏ పేరుతో తిడుతున్నారో ఆ పేరునే తలెత్తి నిలబెట్టారు. 1907లో ‘ఒరు పైసా తమిళన్’ మొదలుపెట్టిన అయోతీదాస్ పండితులు ఆ పేరే మాది కాదన్నారు. మన దగ్గర 1917 నవంబరులో, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. ‘పంచమ’ను పక్కన పెట్టి, అక్కడే ‘ఆది ఆంధ్ర’ అన్న పేరు పెట్టుకున్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం పరయ, పంచమ అన్న మాటల స్థానంలో ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయాలని ఉత్తర్వు ఇచ్చింది.

పత్రికలకు మాత్రం ఆ ఉత్తర్వు నేటికీ చేరలేదు. మన ఆంధ్రప్రదేశ్ ఎస్సీ జాబితా తీసి చూడండి. ‘పరయా’ ఇప్పటికీ అందులో ఉంది, ఒక సముదాయం పేరుగా. ఒకరి కుల ధ్రువపత్రంలో ఉండే పేరు, ఇంకొకరి సంపాదకీయంలో తిట్టు.

ఇంగ్లీషు ‘పరయా’లో అసలు దోషి మాయమైపోతాడు. ఎవరో బహిష్కృతుడున్నాడు, వాడి తప్పు వల్లే అలా అయ్యాడు అన్నట్టు వినిపిస్తుంది. మన తెలుగు మాట ‘వెలి’ అలా కాదు. ‘వెలివేశారు’ అనగానే ఎవరు వేశారన్న ప్రశ్న వస్తుంది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల, అతని మిత్రులు హాస్టల్ నుంచి గెంటేస్తే ఆరుబయట వేసుకున్న శిబిరానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టింది అందుకే. ఆ పేరు వేలెత్తి చూపింది వెలివేసిన వాళ్లను.

జర్నలిజం చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మీరు డెస్కులో కూర్చుంటారు. ఈ మాట మీ ముందుకొస్తే కొట్టేయండి. ఎవరు, ఎవరిని, ఎందుకు దూరం పెట్టారో రాయండి. వార్తంటే అదే కదా.

జై భీమ్!