ఎర్రగడ్డ నుంచి తరగతి గది దాకా

హైదరాబాద్‌లో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే ఎర్రగడ్డకు పంపాలంటారు. ఉత్తరాంధ్రలో అదే మాట వాల్తేరు పేరుతో వినిపిస్తుంది. మానసిక వైద్యం దొరికే రెండు చోట్ల పేర్లు తరాలుగా తిట్లుగా చెలామణి అవుతున్నాయంటే, ఆ గుమ్మం తొక్కాలంటే మన సమాజం ఎంత భయపడిందో తెలుస్తుంది. ఇలాంటి చోట పదహారేళ్ల పిల్ల తనకు నిద్ర పట్టడం లేదని, పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కడం లేదని, బతుకు మీద ఆశ పోతోందని ఎవరితో చెప్పుకోవాలి? ఈ ప్రశ్నను డాక్టర్లకు, తల్లిదండ్రులకు వదిలేస్తే సరిపోదు, చరిత్రను కూడా అడగాలి. గత నూట యాభై ఏళ్ల అనుభవం ఒక విషయం స్పష్టంగా చెబుతోంది: సాయం పిల్లలున్న చోటికి నడిచి వచ్చినప్పుడే వాళ్లకు అందింది. వాళ్లే వెతుక్కుంటూ రావాలని కూర్చున్నంత కాలం అందలేదు.

మన దగ్గర మానసిక వైద్యం ఆసుపత్రిగా కాదు, కాపలాగా మొదలైంది. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన చట్టం పేరే పిచ్చివాళ్ల ఆశ్రమాల చట్టం. దాని నీడలోనే 1871లో విశాఖపట్నం వాల్తేరులో ఆశ్రమం వెలిసింది. 1912 చట్టం కూడా ఎవరిని లోపల ఉంచాలి, ఎవరి ఉత్తర్వుతో ఉంచాలి అన్నదాని చుట్టూనే తిరిగింది. నిజాం రాజ్యంలో జాల్నాలో నడిచిన ఆసుపత్రి 1953లో ఎర్రగడ్డకు తరలింది. పోలీసో, మేజిస్ట్రేటో, విసిగిపోయిన బంధువులో తీసుకొచ్చినవాళ్లే ఈ గోడల లోపలికి వెళ్లారు. 1946లో దేశ ఆరోగ్య సేవలను పరిశీలించిన భోర్ కమిటీ లెక్క చూస్తే, సుమారు నలభై కోట్ల జనాభాకు ఉన్న మానసిక వైద్య పడకలు పదివేలు మాత్రమే. వీధిలో అరిచేవాడికే చోటు దొరకని ఆ లెక్కలో, గదిలో మూలన ముడుచుకుని కూర్చున్న పిల్లవాడు ఎవరికి కనిపిస్తాడు? వాడికి ఇంట్లోనే పేర్లు పెట్టారు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు, బద్ధకమని దండించారు. ఆడపిల్లయితే పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందన్నారు.

తప్పంతా పెద్దల మూఢత్వానిదే అనడం న్యాయం కాదు. వైద్యశాస్త్రం కూడా ఈ పిల్లలను చాలా ఆలస్యంగా చూసింది. ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా మనోవిశ్లేషకుల్లో చాలామంది పిల్లలకు అసలైన డిప్రెషన్ రాదని వాదించారు. అంతరాత్మ పూర్తిగా ఏర్పడని వయసులో అది సాధ్యం కాదన్నది వాళ్ల సిద్ధాంతం. 1970లలో ఆ వాదం వీగిపోయింది. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం వెలువరించిన వర్గీకరణ గ్రంథం పెద్దలకు వాడే కొలమానాలనే, వయసుకు తగిన సవరణలతో, పిల్లలకూ వర్తింపజేసింది. ఈ వయసులో కుంగుబాటు ఏడుపుగా కాక చిరాకుగా, కోపంగా బయటపడవచ్చన్న గుర్తింపు ఆ తర్వాత స్థిరపడింది. మన దేశంలో పిల్లల కోసం తొలి గైడెన్స్ క్లినిక్ 1937లోనే బొంబాయిలోని టాటా సామాజిక సేవా విద్యాలయంలో మొదలైంది. కానీ అలాంటివి కొద్ది నగరాలు దాటలేదు. వయసు పొగరని ఊళ్లో తేల్చేసిన ప్రవర్తనను జబ్బు లక్షణమేమోనని అనుమానించే మనిషి జిల్లాల్లో లేడు.

గోడలు పలచబడటం 1950లలో మొదలైంది. అమృత్‌సర్ ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాల్లో ఉంచి చికిత్సలో భాగం చేశారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల కూడా ఆ దారినే నడిచింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. తెలుగు నేలను ఆనుకున్న బళ్లారి జిల్లాలో బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన ప్రయోగం నమూనాగా నిలవడంతో 1996లో జిల్లా కార్యక్రమం మొదలైంది. అయినా టీనేజ్ పిల్లలకు ముందుగా చేరువైంది టెలిఫోనేనని చెప్పాలి. దాని వెనక ఒక చిన్నపిల్ల విషాదం ఉంది. 1935లో ఇంగ్లండ్‌లో చాద్ వరా అనే యువ మతాచార్యుడు పద్నాలుగేళ్ల బాలిక అంత్యక్రియలు జరిపించాడు. మొదటిసారి రజస్వల అయినప్పుడు దాన్ని సుఖవ్యాధి అనుకుని, అడిగేవాళ్లు లేక ప్రాణం తీసుకున్న పిల్ల ఆమె. ఆ బాధ అతన్ని వదల్లేదు. 1953లో లండన్‌లోని తన చర్చిలో ఫోన్ పెట్టి, ఎవరు పిలిచినా వినేవాళ్లను కూర్చోబెట్టాడు. అదే సమారిటన్స్ సంస్థ. 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ, ఆ తర్వాత హైదరాబాద్‌లో రోష్ని ఆ బాటలోనివే. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ పలుకుతుంది. పేరు చెప్పక్కర్లేదు, ఆసుపత్రి బెంచీ మీద పక్కింటివాళ్ల కంట పడక్కర్లేదు. సిగ్గును గౌరవించిన తొలి గుమ్మం ఫోనే.

మా రోజుల్లో ఇవేవీ లేవు, మేం బతకలేదా అని పెద్దలు అడుగుతారు. ఆ రోజుల్లో లేనిది జబ్బు కాదు, లెక్క. అయితే వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. మార్కులు అడగని నాయనమ్మ, తండ్రికి చెప్పలేనిది చెప్పుకోగల మేనత్త ఇంట్లోనో పక్క వీధిలోనో ఉండేవారు. కానీ 1969లో ఉమ్మడి రాష్ట్రంలో రెండేళ్ల ఇంటర్ వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో రెసిడెన్షియల్ కాలేజీలు పెరిగి, సరిగ్గా మనసు అతలాకుతలమయ్యే పదిహేను, పదిహేడేళ్ల మధ్య పిల్లలు ఇల్లు వదిలి హాస్టల్ గదుల్లోకి చేరారు. మేనత్త స్థానంలో వార్డెన్, వారాంతపు పరీక్ష, ర్యాంకుల పట్టిక వచ్చాయి. పాత ఇంటిని తిరిగి తేలేం. కానీ ఆ ఇంట్లో వినే మనిషి చేసిన పనిని కాలేజీలోనే ఎవరో ఒకరు చేయాలన్న బాధ్యత మన మీద ఉంది.

ప్రతి దిగులుకూ జబ్బు ముద్ర వేస్తామేమో అన్నది మరో అభ్యంతరం. ఇది తీసిపారేయదగ్గది కాదు. పరీక్ష పోయిన బాధ, స్నేహం చెడిన బాధ చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. డిప్రెషన్ అనడానికి లక్షణాలు కనీసం రెండు వారాలు వదలకుండా ఉండి, రోజువారీ పనులను దెబ్బతీయాలని వైద్యులు అంటారు. ఆ గీత కింద ఉన్నవాళ్లూ, పైన ఉన్నవాళ్లూ తరగతిలో పక్కపక్కనే కూర్చుంటారు. 2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. మహానగరాల్లో అది 13.5 శాతం. ఎవరికి ఓదార్పు చాలో, ఎవరికి మందు కావాలో తేల్చాలంటే ముందు ఎవరో ఒకరు వినాలి. దగ్గరలో వినే మనిషి ఉన్న చోట ముద్రలు తగ్గుతాయే తప్ప పెరగవు.

మరి అంతమంది డాక్టర్లు ఎక్కడున్నారన్న ప్రశ్నకు బిహార్ జవాబు ఇచ్చింది. నలంద జిల్లాలో డెబ్బైకి పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో జరిగిన సెహెర్ అధ్యయనం ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. శిక్షణ పొందిన మామూలు యువతీయువకులు కౌన్సెలర్లుగా పనిచేసిన బడుల్లో పిల్లల కుంగుబాటు లక్షణాలు, వేధింపులు తగ్గాయి, బడి వాతావరణం మెరుగుపడింది. అదే పని ఉపాధ్యాయులకు అప్పగించిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఉపాధ్యాయుల మనసు మంచిది కాదని దీనర్థం కాదు. సిలబస్ పూర్తిచేసి, మార్కులు వేసి, క్రమశిక్షణ చూసుకునే మనిషి ముందు బలహీనత ఒప్పుకోవడం పిల్లలకు కష్టమనేది నా అభిప్రాయం. పాతకాలపు మేనత్త తీర్పు చెప్పే స్థానంలో లేదు కాబట్టే ఆమె దగ్గర నోరు విప్పగలిగారు.

చట్టం ఇప్పుడిప్పుడే ఈ దిశకు తిరిగింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కు చేసింది, ప్రాణం తీసుకోబోయిన వారిని నేరస్థులుగా చూడకుండా తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించమంది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం మీద దాఖలైన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హత ఉన్న కౌన్సెలర్‌ను నియమించాలని, వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదని అందులో ఉంది. 1871లో గోడలు కట్టిన ఊరి నుంచే, వినే మనిషిని తరగతి పక్కన కూర్చోబెట్టాలన్న ఆదేశానికి కారణమైన కేసు వచ్చింది. ఆ ఆదేశం గోడ మీద అంటించిన ఫోన్ నంబరుతోనో, కౌన్సెలర్ బోర్డు తగిలించుకున్న అడ్మిషన్ల గుమస్తాతోనో ముగిసిపోతే వాల్తేరు తలుపు మళ్లీ మూసుకున్నట్టే. ఆ కుర్చీలో ర్యాంకుతో పని లేని మనిషి ఉండాలి, పిల్లలు చెప్పిన మాట రహస్యంగా ఉంచాలి, ప్రాణాపాయం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు, ఇంటివాళ్లకు అప్పగించాలి. ఆ మనిషికి జీతమిచ్చే పద్దు ప్రతి కాలేజీ ఖర్చులో ఉందో లేదో ఫీజు కట్టే రోజునే అడగడం తల్లిదండ్రుల హక్కు.