ప్రమాణశాస్త్రానికి ఏ శాఖలో చోటు? కలకత్తా విశ్వవిద్యాలయంలో బౌద్ధదర్శన అధ్యయనం

1901లో సతీశచంద్ర విద్యాభూషణ కలకత్తా విశ్వవిద్యాలయం నుండి పాళీభాషలో ఎం.ఏ. పట్టం పొందారు. ఈ పట్టం పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన సమాధానపత్రాలను దిద్దగల పరీక్షకుడు దేశంలో లేనందున ఆ బాధ్యతను ఇంగ్లండులోని రీస్ డేవిడ్స్‌కు అప్పగించవలసి వచ్చింది. ఇరవై ఏళ్లు గడిచేసరికి అదే విశ్వవిద్యాలయంలో పాళీకి ఒక శాఖ, సంస్కృతానికి ఒక శాఖ, తత్త్వశాస్త్రానికి ఒక శాఖ నెలకొన్నాయి. మూడింటిలోనూ బౌద్ధ విషయాలను ఏదో ఒక మేరకు స్పృశించే ఆచార్యులున్నారు. పాత కొరత తీరింది. దాని స్థానంలో కొత్త ప్రశ్న ఒకటి తలెత్తింది. దిఙ్నాగుడు, ధర్మకీర్తి నిర్మించిన ప్రమాణశాస్త్రం ఈ మూడు శాఖల్లో దేనికి చెందుతుంది?

పైకి ఇది పాలనాపరమైన ప్రశ్నలా కనిపిస్తుంది. అయితే ఒక శాఖ దేనిని తన పాఠ్యాంశంగా స్వీకరిస్తుంది, దేనిని పొరుగు శాఖకు వదిలివేస్తుంది అన్నదానిపైనే తరువాతి తరాల పరిశోధన ఆధారపడుతుంది. విద్యార్థి ఏ భాష నేర్వాలి, ఏ గ్రంథాన్ని మూలంలో చదవాలి, ఎవరి వాదాన్ని సిద్ధాంతంగా, ఎవరి వాదాన్ని పూర్వపక్షంగా గుర్తుంచుకోవాలి అన్నవి అక్కడే నిర్ణయమవుతాయి. కలకత్తా చరిత్ర ఇందుకు స్పష్టమైన నిదర్శనం.

శాఖల ఏర్పాటు

1857లో స్థాపితమైన కలకత్తా విశ్వవిద్యాలయం తొలి అర్ధశతాబ్దిలో ప్రధానంగా పరీక్షలు నిర్వహించే సంస్థ. 1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టం బోధనకు, పరిశోధనకు దారి తెరిచింది. 1906లో ఉపాధ్యక్షుడైన ఆశుతోష్ ముఖర్జీ ఆ అవకాశాన్ని పూర్తిగా వినియోగించుకున్నారు. 1907లో పాళీ శాఖ ఏర్పడింది. సింహళంలోను, బర్మాలోను భిక్షుజీవితం గడిపి వచ్చిన ధర్మానంద కోశాంబి అక్కడ కొంతకాలం బోధించారు. 1917లో స్నాతకోత్తర విద్యను విశ్వవిద్యాలయమే నేరుగా చేపట్టింది.

తత్త్వశాస్త్ర శాఖ నిర్మాణం వేరు. అందులోని అత్యున్నత ఆచార్యపీఠానికి ఐదవ జార్జి పేరు పెట్టి, దానిని మానసిక, నైతిక తత్త్వశాస్త్ర పీఠమని వ్యవహరించారు. ఆ పేరులోనే బ్రిటిష్ విశ్వవిద్యాలయాల విషయవిభజన దాగి ఉంది. తర్కం, మనోవిజ్ఞానం, నీతిశాస్త్రం, సత్తామీమాంస అనేవి నాలుగు గదులు. భారతీయ దర్శనాలను ఈ నాలుగు గదుల్లోకి సర్దవలసి వచ్చింది. పీఠాన్ని మొదట అధిష్ఠించిన వ్రజేంద్రనాథ్ శీల్ ఆ సర్దుబాటుకు అతీతంగా ఆలోచించగల బహుశాస్త్రవేత్త. 1915లో వెలువడిన ప్రాచీన హిందువుల విజ్ఞానశాస్త్రాలపై ఆయన గ్రంథం, కార్యకారణ సంబంధాన్ని నిర్ధారించేందుకు బౌద్ధులు ప్రతిపాదించిన పంచకారణి పద్ధతిని శాస్త్రీయ అన్వేషణా విధానంగా చర్చించింది. బౌద్ధతర్కాన్ని మతచరిత్రలో భాగంగా కాక, జ్ఞానసాధనంగా పరిగణించిన తొలి ఆధునిక ప్రయత్నాలలో అది ఒకటి. తరువాత శీల్ మైసూరు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా వెళ్లారు. 1921లో మైసూరు నుండి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చి ఆ పీఠాన్ని స్వీకరించారు.

ఇదే కాలంలో మరొక పరిణామం జరిగింది. 1915–16 ప్రాంతంలో ప్రయోగాత్మక మనోవిజ్ఞానం కలకత్తాలో ప్రత్యేక శాఖగా రూపుదిద్దుకుంది. హార్వర్డ్‌లో చదివి వచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా దానికి సారథ్యం వహించారు. దేశంలో ఆ శాస్త్రానికి అదే నాంది. కాని బౌద్ధ విద్యకు దాని ఫలితం మరొక విధంగా పరిణమించింది. 89 చిత్తాలను, 52 చైతసికాలను వర్గీకరించే స్థవిరవాద అభిధర్మం మనస్సును గూర్చిన శాస్త్రం. అంతమాత్రమే కాదు, ఏ చిత్తం కుశలం, ఏది అకుశలం అని నిర్ణయించే నీతిశాస్త్రం కూడా. ప్రయోగశాలకు తరలిన మనోవిజ్ఞానానికి అది పనికిరాలేదు. తత్త్వశాస్త్రంలో మిగిలిన తర్కానికీ, సత్తామీమాంసకూ అది పూర్తిగా ఇమడలేదు. చివరకు పాళీ శాఖలో భాషాపాఠంగా నిలిచింది.

పూర్వపక్షంగా మిగిలిన సిద్ధాంతం

ప్రమాణశాస్త్రానికి ఎదురైన చిక్కు ఇంకా జటిలమైనది. దాని మూలగ్రంథాలు సంస్కృతంలో రచితమైనా, అత్యధికభాగం భారతదేశంలో లుప్తమై టిబెటన్ అనువాదాలలో మిగిలాయి. ధర్మకీర్తి న్యాయబిందువును ఖంభాత్‌లోని జైన భాండాగారంలో దొరికిన ప్రతి ఆధారంగా పీటర్‌సన్ 1889లో కలకత్తా నుండి ప్రకటించారు. 1910లో హరప్రసాద్ శాస్త్రి ఆరు చిన్న బౌద్ధన్యాయ ప్రకరణాలను ఒక సంపుటిగా వెలువరించారు. 1926లో బరోడా నుండి ఎంబార్ కృష్ణమాచార్య పరిష్కరణలో శాంతరక్షితుని తత్త్వసంగ్రహం, కమలశీలుని పంజికతో సహా అచ్చయింది. అంతవరకు విద్యార్థికి బౌద్ధుల వాదం ప్రధానంగా ఉద్ద్యోతకరుడు, కుమారిలుడు, వాచస్పతిమిశ్రుడు వంటి ప్రతివాదుల గ్రంథాలలో ఖండనకు ముందు వినిపించే పూర్వపక్షంగానే అందేది.

దీని పర్యవసానాన్ని అపోహవాదం ఉదాహరణగా గ్రహించవచ్చు. 'గోవు' అనే పదానికి గోత్వమనే నిత్యసామాన్యం అర్థం కాదని, గోవు కానివాటి నుండి వ్యావృత్తియే దాని అర్థమని దిఙ్నాగుని ప్రతిపాదన. గోవు కానిదేదో తెలియాలంటే ముందు గోవు తెలియాలి కదా, ఇది అన్యోన్యాశ్రయం కదా అని కుమారిలుడు ఆక్షేపించాడు. ఖండనగ్రంథం మాత్రమే చదివిన విద్యార్థి చర్చ అక్కడితో ముగిసిందనుకుంటాడు. ధర్మకీర్తి, శాంతరక్షితుడు, జ్ఞానశ్రీమిత్రుడు, రత్నకీర్తి ఆ ఆక్షేపానికి సమాధానం చెబుతూ అపోహవాదాన్ని శతాబ్దాలపాటు మార్చి, పదునుపెట్టిన సంగతి వారి గ్రంథాలు చేతిలో ఉన్నప్పుడే తెలుస్తుంది. రాహుల్ సాంకృత్యాయన్ 1929 నుండి 1938 వరకు నాలుగుసార్లు టిబెట్‌కు వెళ్లి సంస్కృత తాళపత్రప్రతులను గుర్తించి, నకళ్లను, ఛాయాచిత్రాలను పాట్నాకు తెచ్చిన తరువాతనే ప్రమాణవార్తికం సంస్కృతమూలంలో అందుబాటులోకి వచ్చింది. జ్ఞానశ్రీమిత్రుని, రత్నకీర్తి రచనలను అనంతలాల్ ఠాకూర్ పరిష్కరించి 1950ల చివరిభాగంలో పాట్నా నుండి ప్రకటించారు.

శాఖల ఎల్లలు దాటినవారు

ఈ పరిస్థితిలో బౌద్ధప్రమాణశాస్త్రాన్ని ముందుకు నడిపినవారందరూ ఏదో ఒక ఎల్లను దాటినవారే. విద్యాభూషణ సంస్కృత పండితులు. పాళీ చదివారు. శరచ్చంద్రదాస్ టిబెటన్ నిఘంటువు నిర్మాణంలో సహకరించి ఆ భాష నేర్చారు. సింహళానికి వెళ్లి సుమంగళ మహాస్థవిరుని వద్ద అధ్యయనం చేశారు. ఈ మూడు భాషల బలంతోనే 1909లో మధ్యయుగ భారతీయ తర్కచరిత్రను రచించి, జైన, బౌద్ధ తార్కికులకు ప్రాచీనన్యాయానికీ నవ్యన్యాయానికీ నడుమ ప్రత్యేకస్థానం కల్పించారు. ఆయన సమగ్ర భారతీయ తర్కచరిత్ర మరణానంతరం 1921లో వెలువడింది. తరువాతి పరిశోధకులు అందులోని కాలనిర్ణయాలను ఎన్నింటినో సవరించారు. అయినా ఆయన గీసిన పటమే వారికి ఆధారమైంది.

వేణీమాధవ బారువా చిట్టగాంగ్ బౌద్ధకుటుంబానికి చెందినవారు. 1917లో లండన్ విశ్వవిద్యాలయం నుండి డి.లిట్. పొంది, కలకత్తా పాళీ శాఖలో చేరి, దానికి అధిపతి అయ్యారు. భాషాశాఖలో ఉన్నప్పటికీ ఆయన 1921లో ప్రకటించిన ప్రధాన గ్రంథం బుద్ధపూర్వ భారతీయ తత్త్వచరిత్ర. తరువాత భార్‌హుత్, బుద్ధగయ, అశోకుని శాసనాల వైపు ఆయన దృష్టి మళ్లింది. గ్రంథం, శిల్పం, శాసనం, సిద్ధాంతం ఒకే వ్యక్తి పరిశోధనలో కలిసిన అరుదైన సందర్భమది.

సంస్కృత విభాగానికి చెందిన సాత్కరి ముఖర్జీ 1935లో కలకత్తా విశ్వవిద్యాలయం ద్వారా దిఙ్నాగసంప్రదాయంలోని క్షణభంగవాదంపై బృహద్గ్రంథాన్ని ప్రకటించారు. బౌద్ధుల ప్రత్యక్షం, అనుమానం, అపోహలను వారి ప్రత్యర్థుల వాదాలతో ముఖాముఖి నిలిపి, ఇరుపక్షాల బలాన్నీ తూచిన గ్రంథమిది. తత్త్వశాస్త్ర శాఖ చేయవలసిన పనిని ఇక్కడ సంస్కృతాచార్యుడు నెరవేర్చారు. ఆయన తరువాత నాలందాలోని నవనాలందా మహావిహారానికి అధ్యక్షత వహించారు. అక్కడి నుండి 1964లో ప్రమాణవార్తికం తొలి పరిచ్ఛేదానికి జపాన్ పండితుడు హోజున్ నాగసాకితో కలిసి ఆంగ్లానువాదం వెలువరించారు.

తత్త్వశాస్త్ర శాఖ బౌద్ధాన్ని విస్మరించిందని చెప్పడం న్యాయం కాదు. రాధాకృష్ణన్ భారతీయ తత్త్వశాస్త్ర ప్రథమ సంపుటం 1923లోను, ఆయన తరువాత కొంతకాలానికి అదే పీఠాన్ని అధిష్ఠించిన సురేంద్రనాథ్ దాస్‌గుప్తా ప్రథమ సంపుటం 1922లోను వెలువడ్డాయి. రెండింటిలోనూ బౌద్ధానికి విస్తృతస్థానం ఉంది. కాని సర్వదర్శన సంగ్రహాలలో బౌద్ధం ఒక అధ్యాయంగా ఉండటం వేరు, ఒక శాఖలో జీవించే పరిశోధనాశాస్త్రంగా ఉండటం వేరు. రెండవదానికి టిబెటన్ తెలిసిన ఆచార్యుడు, మూలపాఠాన్ని పంక్తిపంక్తిగా చదివించే తరగతి, వాదంలోని హేతుదోషాన్ని పట్టుకొనే తార్కికుడు ఒకేచోట ఉండాలి. లెనిన్‌గ్రాడ్‌లో ష్చెర్‌బాత్‌స్కీ ఈ మూడింటినీ తనలోనే సమకూర్చుకున్నారు. 1910–11లో భారతదేశానికి వచ్చి పండితుల వద్ద న్యాయశాస్త్రం చదివిన ఆయన 1930, 1932లలో ప్రకటించిన బౌద్ధతర్క సంపుటాలు, కాంట్ పరిభాష పట్ల ఆయనకున్న మక్కువను ఎవరు ఎంత విమర్శించినా, ఈ రంగాన్ని ప్రపంచ తత్త్వశాస్త్ర వేదికపై నిలిపాయి.

విభజన వల్ల తెగినది

విభాగాల వల్ల మేలు జరగలేదని కాదు. ప్రత్యేక పాళీ శాఖ లేకుంటే త్రిపిటకాధ్యయనానికి స్థిరమైన ఆచార్యపదవులు దక్కేవి కావు. లిపిశాస్త్రజ్ఞులు లేకుంటే టిబెట్ ప్రతులు చదివేవారుండేవారు కాదు. నష్టం వేరొక చోట జరిగింది. ప్రమాణవార్తికంలో నాలుగు పరిచ్ఛేదాలున్నాయి. స్వార్థానుమానం, ప్రత్యక్షం, పరార్థానుమానం తర్కమనే గదిలోకి చేరుతాయి. ప్రమాణసిద్ధి పరిచ్ఛేదం మాత్రం బుద్ధుడు ఎందుకు ప్రమాణభూతుడు, కరుణ అభ్యాసం ద్వారా ఎట్లు వృద్ధి పొందుతుంది, దుఃఖనిరోధం ఎట్లు సాధ్యం అని విచారిస్తుంది. విభజిత పాఠ్యప్రణాళికలో దీనిని మతమని పక్కకు పెట్టడం సులభం. కాని ధర్మకీర్తి దృష్టిలో సరైన జ్ఞానం పురుషార్థసిద్ధికి సాధనం. ముక్తిప్రయోజనాన్ని తొలగిస్తే మిగిలేది ఆయన శాస్త్రంలో సగమే. టిబెటన్ విహారాలలో ప్రమాణవార్తికం నేటికీ వాదాభ్యాసానికీ సాధనామార్గానికీ కలిపి పాఠ్యగ్రంథంగా నిలిచింది. భిక్షువుకు అతుకులేని ఒకే శాస్త్రంగా కనిపించేది విశ్వవిద్యాలయంలో మూడు శాఖల పాక్షికవిషయమైంది.

ఈ లోటును పూరించే ప్రయత్నాలు తరువాత జరిగాయి. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో టి.ఆర్.వి. మూర్తి 1955లో మాధ్యమికంపై వెలువరించిన గ్రంథం శూన్యతను తాత్త్వికసమస్యగా చర్చించింది. కలకత్తా సంస్కృత కళాశాలలో బోధించి, చివరకు ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యత్వం వహించిన విమలకృష్ణ మతిలాల్ 1986లో ప్రత్యక్షంపై రచించిన గ్రంథం నైయాయికుల, బౌద్ధుల వివాదాన్ని సమకాలిక తత్త్వశాస్త్రం తప్పక పట్టించుకోవలసిన చర్చగా నిరూపించింది. కలకత్తాలో నాటిన విత్తు పూర్తిగా ఫలించడానికి మరొక విశ్వవిద్యాలయం, మరొక ఖండం కావలసివచ్చింది.

ఆంధ్రదేశంలో

ఈ చరిత్ర తెలుగు నేలకు దూరమైనది కాదు. క్రీ.శ. 7వ శతాబ్దిలో ఆంధ్రదేశాన్ని సందర్శించిన హ్యూయన్‌త్సాంగ్, రాజధాని పరిసరాలలో ఒంటరి కొండ ఒకటి ఉందని, దానిపై స్తూపం ఉన్నచోట దిఙ్నాగుడు హేతువిద్యాగ్రంథాన్ని రచించాడని నమోదుచేశాడు. ఆ రాజధానిని పండితులు వేంగిగా గుర్తించారు. దిఙ్నాగుని ప్రమాణసముచ్చయం సంస్కృతమూలం లుప్తం కాగా, ప్రథమ పరిచ్ఛేదాన్ని మైసూరులో హెచ్.ఆర్. రంగస్వామి అయ్యంగార్ టిబెటన్ ఆధారంగా పునర్నిర్మించి 1930లో ప్రకటించారు. దానిపై జినేంద్రబుద్ధి రచించిన వ్యాఖ్య సంస్కృతప్రతి టిబెట్‌లో లభించగా, 2005 నుండి వియన్నా, బీజింగ్ పండితుల సహకారంతో వెలువడుతోంది. వేంగి పరిసరాలలో రూపుదిద్దుకున్నదని సంప్రదాయం చెప్పే శాస్త్రానికి ఇప్పుడు పాఠనిర్ణయం డాన్యూబ్ తీరంలో జరుగుతోంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయ తత్త్వశాస్త్రాచార్యులైన కొత్త సచ్చిదానందమూర్తి 1971లో నాగార్జునునిపై గ్రంథం రచించి, ఆ దార్శనికుణ్ణి శిల్పాల, శాసనాల పరిధి నుండి వాదాల పరిధిలోకి తెచ్చారు. 1976లో గుంటూరు వద్ద నాగార్జునుని పేరనే విశ్వవిద్యాలయం వెలసింది. అక్కడ మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం కూడా ఏర్పడింది. అమరావతి, నాగార్జునకొండ, శాలిహుండం స్థలాలపై పురావస్తు పరిశోధన తెలుగునాట బలంగా సాగింది. స్తూపపు ఇటుకను కొలవగల నైపుణ్యం, ఆ స్తూపచ్ఛాయలో సాగిన వాదాన్ని చదవగల నైపుణ్యం రెండూ ఒకే పరిశోధనకు అవసరం.

కలకత్తా అనుభవం నేర్పే పాఠం ఇదే. కొత్త శాఖను స్థాపించడం కంటె, ఉన్న శాఖల నడుమ ఒక గ్రంథాన్ని ఉంచడం ముఖ్యం. విగ్రహవ్యావర్తనినో, ప్రమాణసముచ్చయంలోని ప్రత్యక్షపరిచ్ఛేదాన్నో సంస్కృతాచార్యుడు, టిబెటన్ తెలిసిన భిక్షువు, తర్కం బోధించే తత్త్వశాస్త్రవేత్త, స్థలచరిత్ర తెలిసిన పురావస్తువేత్త ఏడాదిపాటు వారానికొకసారి కూర్చుని కలిసి చదివితే చాలు. విద్యాభూషణ ఒంటరిగా మూడు భాషలు నేర్చి చేసిన పనిని నలుగురు కలిసి చేయడం అసాధ్యం కాదు. అటువంటి పఠనం ఎక్కడ మొదలైతే దిఙ్నాగుని శాస్త్రానికి అక్కడే చోటు.