జుక్కల్ మూలన ఠాణా: నూటయాభై ఏళ్ల ఫిర్యాదు

కామారెడ్డి జిల్లాలో ట్రాన్స్‌ఫార్మర్ దొంగతనం మాట వినకుండా ఒక్క పంట కాలమూ గడవదు. దొంగలు రాత్రిపూట దిమ్మె మీది ట్రాన్స్‌ఫార్మర్‌ను కిందికి దొర్లిస్తారు. బోల్టులు విప్పి ఆయిల్ పారబోసి లోపలి రాగి తీగ చుట్టలు లాక్కుపోతారు. తెల్లారి నీళ్లు పెట్టడానికి పోయిన రైతుకు నూనె తాగి మెరిసే రేగడి, పగిలిన పింగాణీ ముక్కలు, ఖాళీ డబ్బా కనబడతాయి. దాని కింద ఎన్ని బోర్లుంటే అన్ని మోటార్లూ బంద్. లైన్‌మన్‌కు చెప్పాలి, ఏఈ దగ్గరికి తిరగాలి, ఠాణాలో దరఖాస్తు ఇవ్వాలి. కొత్తది బిగించేదాకా మక్క ఎండుతుంటే చూస్తూ కూర్చోవాలి. అలాంటి పొద్దున హోటల్ బల్ల దగ్గర దొంగను తిట్టేవాళ్లు తక్కువ, పోలీసును తిట్టేవాళ్లు ఎక్కువ. హెల్మెట్ లేదని ఫోటో తీయడానికి దొరికే పోలీసు రాత్రి గస్తీకి ఎందుకు దొరకడన్నది అక్కడ మొదటి ప్రశ్న. ఎప్పుడూ చివరి ప్రశ్నా అదే.

జుక్కల్ ప్రాంతంలో ఈ కోపం నిన్న మొన్న పుట్టింది కాదు. తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక కలిసే ఈ మూలకు పోలీసు ఎప్పుడు వచ్చినా సర్కారు పని మీదే వచ్చాడు. శిస్తు, తిరుగుబాటు, సరిహద్దు, ఎన్నికలు అతని పనులు. ఊరి ఎడ్లను, బిందెలను, గడ్డివాములను ఊరే కాచుకుంది. ఆ ఊరి కాపలా పోయింది. దాని జాగాలో సర్కారు కాపలా పూర్తిగా వచ్చి నిలబడలేదు. నూటయాభై ఏళ్ల కథను నేను చదివిన తీరు ఇది.

పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో నిజాం ఇలాకాలో దారి నడవడమే సాహసం. థగ్గుల భయం ఒకవైపు, జీతాలు అందని అరబ్బు, రోహిల్లా సిపాయిల జులుం ఇంకోవైపు. ఈ రోహిల్లాలే వడ్డీ వ్యాపారమూ చేసేవాళ్లు, బాకీ వసూలుకు కత్తి పట్టుకునీ వచ్చేవాళ్లు. ఎవరి గడీకి వాళ్లే రక్షణ, ఎవరి కోటకు వాళ్లే కొత్వాలు. జుక్కల్ మండలంలోని కౌలాస్ కోట అలాంటి కాలపు సాక్షి. 1857 తిరుగుబాటు నాటి కుట్రలో కౌలాస్ రాజా దీప్ సింగ్ పేరు వినబడేసరికి హైదరాబాదు కళ్లు ఈ మూల మీద పడ్డాయి. గుర్తించాల్సిన సంగతేమిటంటే, రైతు ఇంట్లో కన్నం పడినప్పుడు అంత దూరం నుంచి చూసినవాళ్లు లేరు.

1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ 1865లో జిలాబందీ చేసి జిల్లాలు ఏర్పరచాడు. రెవెన్యూ నుంచి పోలీసును విడదీసే పని కూడా ఆ సంస్కరణల్లోదే. జిల్లా పోలీసుకు పెద్దగా మోహ్తమిం, కింద అమీన్లు, జమేదార్లు, జవాన్లు. 1329 ఫస్లీలో, అంటే 1919–20 నాటికి, జిల్లా పోలీసు చట్టం వచ్చింది. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా పోయింది. ఆ చట్టం మాత్రం పేరు సవరించుకుంటూ బతుకుతూనే వచ్చింది. మన పోలీసు వ్యవస్థకు ఎముకలు ఎక్కడివని అడిగితే అక్కడివి.

ఊళ్లో మాత్రం వేరే యంత్రం నడిచేది. శిస్తు మాలీ పటేల్‌ది, లెక్కలు పట్వారీవి, నేరాలు, చావుపుట్టుకలు, కొత్త మనుషుల రాకపోకలు పోలీస్ పటేల్‌వి. అతని చేతి కింద కావలికారు. దక్కనులో పాత ఆచారం ఒకటుండేది. దొంగతనం జరిగితే కావలికారు అడుగుజాడ పట్టుకుని పోతాడు. జాడ పొరుగూరి పొలిమేర దాటిందని చూపించగలిగితే బాధ్యత ఆ ఊరిది. చూపించలేకపోతే సొంత ఊరివాళ్లు అతన్నే నిలదీస్తారు, నష్టం కట్టమంటారు. పోయిన ఎద్దుకు జవాబు చెప్పే మనిషి ఒకడు, పేరుతో సహా, ఊళ్లోనే ఉండేవాడు. ఇవాళ జనం అడిగేది సరిగ్గా దీన్నే.

అలాగని పటేల్ కాలాన్ని బంగారు కాలంగా చూపిస్తే అబద్ధమవుతుంది. అమీన్ సాబ్ ఊళ్లో మకాం వేశాడంటే మంచాలు, పాలు, కోళ్లు, గుర్రానికి గడ్డి అన్నీ వెట్టి మీదే పోగయ్యేవి. దొంగ ఒక ఇల్లు దోచేవాడు, విచారణకు వచ్చినవాళ్లు ఊరంతటికీ ఖర్చయ్యేవాళ్లు. మాడపాటి హనుమంతరావు తరం వెట్టికి వ్యతిరేకంగా కలం పట్టడం వెనక ఈ మకాంల అనుభవం కూడా ఉంది. ఫిర్యాదు చేస్తే ఇంకా నష్టమన్న జంకు పల్లెల్లో అప్పుడు పడింది. మూడు తరాలు దాటినా ఆ జంకు తీరలేదు. పైగా ఠాణా రాత ఉర్దూలో, ఊరి మాట మరాఠీలోనో కన్నడంలోనో తెలుగులోనో. తన బయానులో ఏం రాసుకున్నారో చదువుకోగలిగిన ఫిర్యాదుదారు నూటికో కోటికో ఒకడు.

1948 వచ్చేసరికి దొంగ ఎవరు, దొర ఎవరు అన్నదే తారుమారైంది. జుక్కల్ అప్పుడు నాందేడ్ జిల్లాలో ఉంది. అదే జిల్లా ఉమ్రీలో ఆ ఏడు జనవరి 30న హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ కార్యకర్తలు బ్యాంకును కొల్లగొట్టి ఆ సొమ్మును సరిహద్దు శిబిరాల పోరాటానికి వాడారు. నిజాం పోలీసు దస్త్రంలో అది బందిపోటు. మరాఠ్వాడా జనానికి అది వీరగాథ. ఇటు రజాకార్లు ఊళ్ల మీద పడుతుంటే పోలీసు చూస్తూ నిలబడింది, చాలాచోట్ల తోడుగానూ నిలబడింది. సెప్టెంబరులో భారత సైన్యం వచ్చిన తర్వాత కత్తి ఇంకో వైపు తిరిగింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం ముస్లింల మీద జరిగిన హింసకు ఎక్కువగా గురైన జిల్లాలుగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లను పేర్కొంది. ఒకే ఏడాదిలో రెండు వైపుల జనమూ ఒకరి తర్వాత ఒకరు రక్షణ లేకుండా మిగిలారు. ఈ మూలన ఠాణా మీద నమ్మకం గురించి మాట్లాడేవాళ్లు ఆ ఏడాదిని దాటేసి మాట్లాడితే లాభం లేదు.

తర్వాతి మలుపు 1956. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చే ప్రాంతాల జాబితా ఉంది. అందులో నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు అని ఒక ముక్క. ఆ ముక్కతో తాలూకా రెండుగా చీలింది. దెగ్లూర్ అటు పోయింది, జుక్కల్ ఇటు వచ్చి నిజామాబాద్ జిల్లాలో కలిసింది. పెళ్లి సంబంధాలు, అంగడి, ఆసుపత్రి దెగ్లూర్‌తోనే మిగిలాయి. ఠాణా, కోర్టు, కలెక్టరు మారారు. గీత పోలీసును ఆపింది గానీ దొంగను ఆపలేదు. ఇక్కడ మేకను ఎత్తుకుపోయినవాడు తెల్లారేసరికి అటు అంగట్లో అమ్ముకోగలడు. అది తేల్చాలంటే మాత్రం ఇక్కడి ఎస్‌ఐ పక్క రాష్ట్రం ఠాణాతో ఉత్తరాలు నడపాలి. ఎర్రచందనం కేసుకు నడుస్తాయేమో, మేకకు నడుస్తాయా?

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను ఆర్డినెన్సుతో రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోవాల్సిందే, ఆ నిర్ణయాన్ని తప్పు పట్టను. అయితే పట్వారీ పనికి వారసులు దొరికారు: గ్రామ పరిపాలనాధికారి, వీఆర్వో, ఇట్లా పేర్లు మారుతూ వచ్చాయి. పోలీస్ పటేల్ పనికి మాత్రం అట్లా వారసుడు నిలబడలేదు. రాత్రి ఊళ్లోకి ఎవరొచ్చారో, ఎవరింట్లో దిగారో తెలుసుకునే పనిని నిజంగా మోసే మనిషి ఊళ్లో మిగల్లేదు. మరుసటేడు మండలాలొచ్చాయి, ఊరి భద్రత మండల ఠాణా నెత్తిన పడింది. అదే కాలంలో నిజామాబాద్ జిల్లా తూర్పు అడవుల వైపు నక్సలైట్ల పీపుల్స్ వార్ దళాలు తిరుగుతుండేవి. పోలీసు దృష్టి, బలగం అటు మళ్లాయి. ఇసుక బస్తాల గోడలు, ముళ్ల కంచెల వెనక ఠాణాలు చీకటి పడగానే తలుపులు మూసుకున్న రోజులవి. ఆ అడవులతో సంబంధం లేని మైదానం ఊళ్లకూ దాని ఫలితం అందింది: రాత్రి ఫిర్యాదుకు పొద్దున రమ్మనడం.

ఆ తర్వాత రోడ్డు పెద్దదైంది. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా పోయే 161వ జాతీయ రహదారి మద్నూర్ మండలం సలాబత్‌పూర్ దగ్గర రాష్ట్రం దాటుతుంది. అక్కడి చెక్‌పోస్టు పేరు లారీ డ్రైవర్లకు దేశమంతా తెలుసు. రేషన్ బియ్యం, మంజీర ఇసుక, గుట్కా, పశువులు, ఏది పట్టుబడినా పత్రికల జిల్లా పేజీలో ఈ మండలాల పేర్లే. మూడు రాష్ట్రాల్లో ఎక్కడ ఎన్నికలొచ్చినా ఇక్కడే కాపలా. ఉన్న కొద్దిమంది కానిస్టేబుళ్లు నాకాల దగ్గర, గణేశ్ బందోబస్తులో, మంత్రి పర్యటనలో ఉంటే ఊళ్లో గస్తీకి మిగిలేదెవరు? పోలీసు వైపు న్యాయం కూడా చెప్పాలి. దసరా దాటాక తండాలకు తండాలు చెరకు నరకడానికి మహారాష్ట్ర, కర్ణాటక పోతాయి. తాళం పడిన ఇళ్ల వరుసలను ఏ ఎస్‌ఐ మాత్రం ఎట్లా కాస్తాడు?

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది, ఎస్పీ కార్యాలయం కొత్తగా వచ్చింది. జుక్కల్ ఠాణా బిచ్కుంద సర్కిల్లో, బాన్సువాడ సబ్‌డివిజన్లో ఉంది. జిల్లా చిన్నదైనా జుక్కల్ మనిషికి జిల్లా కేంద్రం ఇప్పటికీ ఒక పూట ప్రయాణమే. కొత్త వాహనాలొచ్చాయి, పోలీసు కళాబృందాలు పాటలు పాడాయి, ఊళ్లు చందాలేసుకుని కెమెరాలు పెట్టుకున్నాయి. వాటి తీగలను కోతులు తెంపితే మరమ్మతు ఎవరిదన్నది పంచాయతీ పాలకవర్గాలు మారినా తేలని పంచాయితీ.

నమ్మకం ఖాళీ అయిన చోట ఏం జరుగుతుందో 2018 జులై 13న పొరుగునే కనబడింది. బీదర్ జిల్లా ఔరాద్ తాలూకా ముర్కి దగ్గర, పిల్లలకు చాక్లెట్లు పంచిన, హైదరాబాదు నుంచి వచ్చిన యువకులను కిడ్నాపర్లనుకుని వందల మంది చుట్టుముట్టారు. వాట్సాప్ పుకారు వాళ్ల కారుకన్నా ముందు పోయింది. ఒకరు చనిపోయారు, మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. కాపాడబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. అదే ఏడు వేసవిలో తెలంగాణ పల్లెల్లోనూ కర్రలు పట్టుకుని రాత్రులు జాగారం చేశారు, బిచ్చగాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు దెబ్బలు తిన్నారు. ఠాణా రాదని తేల్చుకున్న జనం తామే ఠాణా అయితే మొదట చచ్చేది దొంగ కాదు, దారి తప్పిన పరాయి మనిషి.

పోలీసు సంస్కరణల కథ ఢిల్లీలో వేరేగా నడిచింది. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. నేర దర్యాప్తును శాంతిభద్రతల పని నుంచి విడదీయమన్నది అందులో ఒకటి. జుక్కల్‌కు కావాల్సింది అచ్చంగా అదే. అయితే ఆ పని పది లక్షల జనాభా దాటిన నగరాల్లో మొదలుపెట్టి మెల్లగా చిన్న పట్టణాలకు తెమ్మంది కోర్టు. పల్లె ఠాణా వంతు ఎప్పుడొస్తుందో పంచాంగంలోనూ లేదు. 2013లో లలితా కుమారి తీర్పు కాగ్నిజబుల్ నేరానికి ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలంది. సరే, మంచిదే. తర్వాత 2024 జులై 1న కొత్త క్రిమినల్ చట్టాలొచ్చాయి. వాటి ప్రకారం ఐదు వేల రూపాయలకు తక్కువ సొత్తు మామూలు దొంగతనం నాన్‌కాగ్నిజబుల్. అంటే పొలంలో పెట్టిన స్ప్రే పంపు పోతే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసు దర్యాప్తు చేయలేడు. పుస్తకంలో రాసుకుని మేజిస్ట్రేటు దగ్గరికి పొమ్మంటాడు. కూలి మానుకుని కోర్టుకు తిరిగితే పంపు ధరకన్నా ఎక్కువవుతుంది. జుక్కల్ పేదవాడికి పోయేవన్నీ ఇట్లాంటివే కనుక ఈ నిబంధన అతని మీద చేసిన అన్యాయమని నా అభిప్రాయం. శాసనసభలో ఈ మాట ఎవరైనా ఎత్తాలి.

అవే చట్టాల్లో పనికొచ్చేవీ ఉన్నాయి, వాటిని వదులుకోవద్దు. దెగ్లూర్ అంగట్లో బండి పోయినా జుక్కల్ ఠాణాలో జీరో ఎఫ్‌ఐఆర్ కట్టించుకోవచ్చు, మా హద్దు కాదనడానికి వీల్లేదు. ఫోన్లోనో ఆన్‌లైన్లోనో ఫిర్యాదు పంపి మూడు రోజుల్లో పోయి సంతకం చేయవచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలుకు పైసా కట్టక్కర్లేదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు చెప్పడం పోలీసు విధి, నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ ఆ మాట అంటుంది. నకలు తీసుకోండి, తేదీ రాసి పెట్టుకోండి, తొంభయ్యో రోజున ఠాణాకు పోయి రాతపూర్వకంగా అడగండి.