బాతు పేరు గుల్లకు ఎలా వచ్చింది?

ఒడ్డుకు లాగిన పడవ అడుగున, ఉప్పునీళ్లు తగిలే రాళ్ల మీద గరుకుగా అతుక్కుని ఉండే తెల్లటి గుల్లలను ఇంగ్లీషులో బార్నకిల్ అంటారు. ఆ పేరు మొదట వీటిది కాదు, ఒక బాతుది.

చలికాలంలో ఐర్లాండు, స్కాట్లాండు తీరాల్లో ఆ బాతులు గుంపులుగా వాలేవి. వేసవికల్లా మాయమయ్యేవి. అవి గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్ లాంటి ఉత్తర ధ్రువ ప్రాంతాల్లో గుడ్లు పెడతాయి కాబట్టి వాటి గూడు ఎలా ఉంటుందో ఈ తీరాలవాళ్లకు తెలియదు. అదే తీరాలకు కొట్టుకొచ్చే దుంగలకు మెడలాంటి కాడతో వేలాడే మరో రకం బార్నకిల్ గుల్లలుండేవి. విప్పి చూస్తే లోపల ఈకల్లాంటి కుచ్చు. బాతులు వీటిలోంచే పుడుతున్నాయని జనం నమ్మారు.

వేల్స్‌కు చెందిన మతాచార్యుడు జెరాల్డ్ 1188 ప్రాంతంలో ఐర్లాండు గురించి రాస్తూ, ఒకే దుంగకు ఇలాంటివి వెయ్యికి పైగా వేలాడటం కళ్లారా చూశానన్నాడు. మాంసం నుంచి పుట్టనిది మాంసం కాదంటూ అక్కడి బిషప్పులు కొందరు ఉపవాస దినాల్లో ఈ బాతును తింటున్నారని తప్పుపట్టాడు కూడా.

ఈ కథలో నాకు అందరికంటే నచ్చిన మనిషి చక్రవర్తి రెండో ఫ్రెడరిక్. 13వ శతాబ్దంలో ఆయన ఆ గుల్లలున్న కొయ్యలు తెప్పించి స్వయంగా పరిశీలించాడు. పక్షి పోలికేదీ కనిపించలేదు. ఈ బాతులు మనుషులెరగని దూరదేశంలో గుడ్లు పెడుతుండాలని తన డేగవేట గ్రంథంలో రాశాడు. గూడు చూడకుండానే సరైన సమాధానం చెప్పాడు! అయినా 1597లో జాన్ జెరార్డ్ మూలికల గ్రంథంలో బాతులు కాసే చెట్టు బొమ్మ అచ్చయింది.

దాదాపు ఆ కాలానికే పేరు బాతు నుంచి గుల్లకూ పాకింది. 1758లో లినేయస్ కాడ ఉన్న గుల్లకు ‘లెపాస్ అనాటిఫెరా’ అని శాస్త్రీయ నామం పెట్టాడు. బాతును మోసేది అని అర్థం.

గుల్లను చూసి దీన్ని చాలాకాలం నత్తల జట్టులో వేశారు. ఐర్లాండులోనే, కార్క్‌లో సైనిక వైద్యుడిగా ఉన్న జాన్ వాన్ థాంప్సన్ దీని పిల్లలు ఈదటం గమనించి, ఇది రొయ్యలకూ పీతలకూ చుట్టమని 1830లో ప్రకటించాడు. ఈదే పిల్ల అనువైన చోటు చూసుకుని తలవైపు జిగురుతో అతుక్కుంటుంది. ఇక జీవితమంతా అక్కడే. జనం ఈకలనుకున్నవి దాని కాళ్లు. వాటిని ఆడిస్తూ నీళ్లలోని ఆహారాన్ని లోపలికి లాక్కుంటుంది. 1846లో వీటి అధ్యయనాన్ని పట్టుకున్న చార్లెస్ డార్విన్ మరో 8 ఏళ్లదాకా వదల్లేదు.